వెలుగు వేయని మెలిక

ఏడో పలక గీత కూడా కిందికే దిగింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు కళ్ళనూ అరచేతులతో నొక్కుకుంది. మెషీన్ గదిలో ఏసీ హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. కిటికీ లేని గది అది. బయట ఎండ ఉందో వాన ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు తడిసో, చెమట పట్టో లోపలికి రావాలి. ఇంకా ఐదు పలకలున్నాయి. వాటి గీతలైనా ఒకటో రెండో పైకి లేస్తాయేమోనని మిణుకుమిణుకుమంటూ ఒక ఆశ ఉంది. ఆశ పడటం తన ఉద్యోగంలో లేదని ఆమెకు తెలుసు. అయినా పడింది.

ఎనిమిదోది దిగింది. తొమ్మిది, పది, పదకొండు, అన్నీ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి దిగాయి. పన్నెండోది మిగతా వాటికంటే కాస్త ఎక్కువే దిగింది.

ఆ ల్యాబులో చేసే పని చెప్పడానికి చిన్నది, చెయ్యడానికే తలప్రాణం తోకకొస్తుంది. వేలెడంత గాజు పలక మీద కంటికి కనపడని బంగారు నలుసులు అంటిస్తారు. దాన్ని చిన్న గాజు గిన్నెలో, బంగారపు లవణం కరిగించిన నీళ్ళలో పడుకోబెట్టి పైనుంచి వెలుగు వేస్తారు. మామూలు వెలుగు కాదు, మరమేకులాగా తనచుట్టూ తాను తిరుగుతూ ముందుకొచ్చే వెలుగు. అది ఎడమకు తిరిగేదైతే, నలుసు మీద కొత్త బంగారం ఒక పక్కకి ఎక్కువ పేరుకుని ఎడమ మెలిక పడుతుంది. కుడికి తిరిగేదైతే కుడి మెలిక. ఎడమ చెప్పు, కుడి చెప్పు ఎలాగో ఇవీ అంతే. చూడ్డానికి ఒకటే, ఒకదాని చోట ఇంకోటి ఇమడదు. అచ్చు లేకుండా, ఉలి లేకుండా, వట్టి వెలుగుతో లోహాన్ని మెలిపెట్టడం! పేపర్లలో చదివితే ముచ్చటగా ఉంటుంది. చేసేవాళ్ళ మొహాలు చూస్తే ఆ ముచ్చట తీరిపోతుంది.

మెలిక పడిందా లేదా, పడితే ఎటు పడిందన్నది చెప్పేది ఆమె మెషీన్. గీత పైకి లేస్తే ఒక మెలిక, కిందికి దిగితే రెండోది, సున్నా మీద పడుకుంటే ఏమీ లేనట్టు. అందుకే ల్యాబులో అందరూ ఆమెను అంపైరు అంటారు. వెలుగు వేసేవాడి పేరు టార్చిలైటు. టార్చిలైటు ఆమె మొగుడు.

ఈ పన్నెండు పలకలూ టార్చిలైటువే. కొన్నిటికి ఎడమ వెలుగు వేసి ఉంటాడు, కొన్నిటికి కుడి వెలుగు. ఏది ఏదో ఆమెకు తెలియదు, తెలియకూడదు. కానీ అన్నీ ఒకే వైపు దిగాయంటే తెలియాల్సింది తెలిసిపోయినట్టే. ఎటు తిప్పి వెలుగు వేసినా మెలిక ఒక్కలాగే పడిందంటే, మెలిక వేసింది వెలుగు కాదు.

అయినా మనసొప్పక పలకలన్నీ మళ్ళీ తీసింది. గాజులో ఏదైనా లోపముంటే మెషీన్ మోసపోతుంది. అలాంటి దొంగ గీత అయితే పలకను పక్కకి తిప్పితే మారిపోతుంది, వెనక్కి తిరగేస్తే తలకిందులవుతుంది. తిప్పింది. తిరగేసింది. గీత ఇసుమంత కూడా కదల్లేదు. నిజమైన మెలికే, పన్నెండిటికీ ఒకే మెలిక. ఆమెకు ఉసూరుమనిపించింది. మెషీన్ ఆపేసి, దీపం తీసేసి, చీకట్లో కాసేపు అలాగే కూర్చుంది.

ఆ ల్యాబుకి ఒక కట్టుబాటు ఉంది. చేసినవాడు కొలవకూడదు, కొలిచేవాడికి ఏది ఏమిటో తెలియకూడదు, లెక్క తేలేదాకా ఆ ఇద్దరూ సాంపిల్స్ గురించి మాట్లాడుకోకూడదు. ల్యాబు నడిపే పెద్దాయన వయసులో ఉన్నప్పుడు తనే చేసి, తనే కొలిచి, లేని మెలికను ఉందని లోకానికి చాటి, చేతులు కాల్చుకున్నాడు. "కావాలని చూస్తే సున్నా కూడా కొండలా కనిపిస్తుందమ్మా, నాకు కనిపించింది" అని ఇప్పటికీ చెప్తాడు. కాబట్టి ఆయన గదిలో చక్రాల మీద తిరిగే రెండు మొహాల బోర్డు ఒకటి ఉంటుంది. లెక్క తేల్చే రోజున చేసినవాడు ఒక మొహం మీద ఏ పలకకు ఏ వెలుగు వేశాడో రాస్తాడు. కొలిచినవాడు రెండో మొహం మీద గీత ఎటు పోయిందో రాస్తాడు. తర్వాత పెద్దాయన బోర్డు తిప్పుతూ రెండూ చదువుతాడు. దాన్ని బోర్డు రోజు అంటారు.

మిగతావాళ్ళకి ఇదేం పెద్ద కష్టం కాదు, సాయంత్రమైతే ఎవరింటికి వాళ్ళు పోతారు. వీళ్ళిద్దరూ పోయేది ఒకే ఇంటికి. అతను మూడేళ్ళ క్రితం ఈ ల్యాబులో చేరినప్పుడు అందరూ ఆటపట్టించారు, ఇంట్లో నోటికి ప్లాస్టర్ వేసుకుంటారా అని. వీళ్ళకు పౌరుషమొచ్చింది. మొదట సాంపిల్స్ గురించి మానేశారు. సాంపిల్స్ మాట రాకుండా ల్యాబు గురించి మాట్లాడటం కష్టమని ల్యాబు మానేశారు. పొద్దస్తమానం ల్యాబులోనే ఉండేవాళ్ళకి ల్యాబు తీసేస్తే మాట్లాడుకోవడానికి మిగిలేదేముంటుంది? గ్యాస్ అయిపోయిందని చెప్పుకునేవాళ్ళు. కరెంటు పోయిందని చెప్పుకునేవాళ్ళు, అది ఇద్దరికీ కనపడుతూనే ఉన్నా.

ఈ నెలాఖరుకి ల్యాబులో ఒక సీటు పోతుందని పెద్దాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఈ పన్నెండు పలకల్లో ఎడమవి ఎడమకి, కుడివి కుడికి విడిపోతే టార్చిలైటు సీటు నిలుస్తుంది. లేకపోతే అతను వెళ్ళిపోవాలి, ఎందుకంటే మెషీన్‌కి మనిషి ఎలాగూ కావాలి. నలభై నాలుగేళ్ళ వయసులో మెలిక వెలుగులు తప్ప ఇంకేమీ తెలియనివాణ్ణి ఎవరు రమ్మంటారు? ఎవరూ అనరు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ పైకి అనలేదు.

ఆమె ఇంటికి చేరేసరికి అతను స్టూలెక్కి వంటింటి అలమర తలుపుకి మరలు బిగిస్తున్నాడు. ఆ తలుపు ఏడాదిగా ఒక పక్కకి వాలి వేలాడుతోంది. కింద అత్తగారు స్టూలు పట్టుకుని నిలబడి ఉంది, కొడుకు పడితే తనమీదే పడతాడన్న లెక్క లేకుండా.

"చూశావుటే అమ్మాయ్, వీడికి ఇవాళ ఏదో పట్టింది," అంది అత్తగారు. "వచ్చినప్పట్నుంచీ ఒకటే పని. పాట కూడా పాడుతున్నాడు."

"పాట కాదమ్మా, స్క్రూ చప్పుడు," అన్నాడు అతను పైనుంచి.

"నాకు స్క్రూకీ నీ గొంతుకీ తేడా తెలియదట్రా?"

ఆమె చెప్పులు విడిచి, సంచీ కుర్చీలో పడేసి, నీళ్ళు తాగింది. అతని మొహంలో ఎన్నో నెలల తర్వాత కాస్త తేట కనపడింది. పలకల మీద రంగు బాగా వచ్చి ఉంటుంది, కంటితో చూస్తే బాగానే ఉన్నాయి మరి. ఆ రంగుని నమ్ముకుని మరలు బిగిస్తున్నాడు. తను ఏం చూసి వచ్చిందో అతనికి తెలియదు. చెప్పడానికి వీల్లేదు. ఆ మొహం చూస్తూ అన్నం ఎలా తినాలా అనుకుంది.

తినేటప్పుడు అతను తల్లితో అన్నాడు, "ఇది ఒక్కటి ఒడ్డెక్కితే పది రోజులు పడుకుంటానమ్మా. ఎవరొచ్చి లేపినా లేవను."

"నీ పెళ్ళాన్ని కూడా పడుకోనీయరా. దాని కళ్ళు చూడు, గుంటలు పడ్డాయి," అంది అత్తగారు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఒకే బస్సెక్కి పోతారు, ఒకే పళ్ళెంలోది పంచుకు తింటారు, నోళ్ళు మాత్రం ఆఫీసులో తాకట్టు పెట్టి వస్తారు. ఇదేం మూగనోమో, ఎప్పుడు ఉద్యాపన చేస్తారో నాకైతే అర్థం కాదు."

అతను నవ్వాడు. ఆమె కూర గిన్నె కోసం లేచింది, అది తన ముందే ఉన్నా.

మర్నాడు పొద్దున్న ల్యాబు సింకు దగ్గర ఆమె తన సామాను కడుక్కుంటోంది. మందులు చేసే గ్రూపు వాళ్ళు నెల రోజులుగా ఆమె మెషీన్‌కి సిస్టీన్ కలిపిన సాంపిల్స్ పంపుతున్నారు. సిస్టీన్ అంటే వెంట్రుకల్లో, గోళ్ళలో, ఒంట్లో అంతటా ఉండే పదార్థం. తడిస్తే కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. ఆ వాసన ఆమె టబ్బుకీ బ్రష్షుకీ పట్టేసింది. ఎంత కడిగినా పోదు. విసుక్కుంటూ బ్రష్షు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, పోయిందా లేదా అని.

అక్కడే ఆగిపోయింది. 

సిస్టీన్ బంగారాన్ని జలగలా పట్టుకుంటుంది. దానికీ ఎడమా కుడీ ఉన్నాయి, కానీ ప్రాణమున్న ఒళ్ళు తయారుచేసేది ఎప్పుడూ ఒకే వైపుది. పెరుగుతున్న బంగారానికి అది రవ్వంత తగిలినా చాలు, ఆ బంగారం దాని మెలికే తిరుగుతుంది. పైన ఏ వెలుగు పడుతోందో, అసలు పడుతోందో లేదో దానికి అక్కర్లేదు.

ఆమె టార్చిలైటు గిన్నెలు కడిగింది. ఈ బ్రష్షుతోనే.

రెండు మూడు వారాల క్రితం సంగతి. సాయంత్రం బస్సుకి పిలుద్దామని అతని గదికి వెళితే అతను బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది, చేతిలో పెన్ను అలాగే ఉంది. సింకులో గాజు గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. అవి కడిగితే గానీ అతను ఇంటికి రాలేడు, పొద్దున్నే వాటితో పని మొదలెట్టాలి. అసలైతే వాటిని ఆమ్లంతో కడగాలి, అదీ వాడుకునేవాడే కడుక్కోవాలి. ఆమ్లం గదికి తాళం పడింది, పైగా అందులోకి ఒక్కరే వెళ్ళకూడదు. ఆమె అతన్ని చూసింది, గిన్నెల్ని చూసింది.  ఇంట్లో అతను సోఫాలో నిద్రపోతే కంచం తీసుకెళ్ళి కడిగేసినట్టే, గిన్నెల్ని తన సింకుకి తీసుకెళ్ళి, సబ్బు నీళ్ళతో, తన టబ్బులో, తన బ్రష్షుతో శుభ్రంగా తోమి, కడిగి, తుడిచి, అతని అలమరలో సర్దింది. అప్పుడు వచ్చి భుజం తట్టి లేపింది. బస్సులో చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. ల్యాబు మాట కదా, మాట్లాడకపోవడమే అలవాటైపోయింది.

పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన పనేనా అది? బీయస్సీ చదివే పిల్లను అడిగినా చెప్తుంది, కూడదని. కానీ ఆ సాయంత్రం ఆ గిన్నెలు కడిగింది అంపైరు కాదు, అలిసిపోయిన ఒక మనిషికి పెళ్ళాం. ఆమె బ్రష్షు చెత్తబుట్టలో పడేసి, కుళాయి కట్టేసి, సింకు అంచు పట్టుకుని నిలబడింది. 

ఆ రోజంతా ఆమె లోపల ఒకటే తర్జనభర్జన. నోరు మెదపకపోతే అతను పోతాడు, తను ఉంటుంది. తప్పు తనది, వేటు అతని మీద. నోరు విప్పితే, కొలిచే మనిషి చేసేవాడి గిన్నెలు ముట్టుకున్నట్టు తేలుతుంది. పెద్దాయన కట్టుబాటులో అంతకంటే పెద్ద నేరం లేదు. అప్పుడు పోవాల్సింది తనే. దానికి ఆమె పెద్దగా భయపడలేదు. భయమంతా అతని మొహం గురించే. మూడేళ్ళ పని, ఆఖరి అవకాశం, దాన్ని నేనే చేజేతులా పాడు చేశానని ఆ మొహానికి ఎదురుగా ఎలా చెప్పాలి?

ఆ సాయంత్రం అతను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే వెళ్ళి పక్కన నిలబడింది.

"నీకో మాట చెప్పాలి," అంది.

అతను చొక్కా క్లిప్పు తీస్తూ ఆగాడు. "సాంపిల్స్ గురించా?"

ఆమె తల ఊపిందో, అడ్డంగా ఆడించిందో ఆమెకే తెలియదు.

"వద్దులే. రేపు బోర్డు రోజు కదా. ఇన్నాళ్ళూ ఆగాం, ఒక్క రోజు ఆగలేమా," అన్నాడు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. మడత పెట్టిన బట్టలు ఆమె చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ బట్టలు పట్టుకుని ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మర్నాడు పెద్దాయన గదిలో ముగ్గురే ఉన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, కుర్చీలోంచి లేవకుండానే బోర్డుని కాలితో తోసి సరిచేశాడు. ముందు టార్చిలైటు రాశాడు. అతను రాస్తున్నంతసేపూ ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. కింద పార్కింగులో ఎవరో స్కూటర్ స్టార్టవక తన్నుతూ ఉన్నాడు. సుద్దముక్క చప్పుడు ఆగింది. బోర్డు తిప్పారు. ఆమె వెళ్ళి ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసి, ప్రతిదాని పక్కనా అదే మాట రాసింది. కిందికి, కిందికి, కిందికి.  పన్నెండో దాని పక్కన 'అన్నిటికంటే ఎక్కువ' అని కూడా చేర్చి సుద్దముక్క పెట్టేసింది. మొగుడి వైపు చూడలేదు.

పెద్దాయన ముందుకి వంగి బోర్డుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"అన్నీనా?" అన్నాడు పెద్దాయన.

"అన్నీ సార్. తిప్పి చూశాను, తిరగేసి చూశాను."

ఆయన నిట్టూర్చి బోర్డు తిప్పాడు. అప్పుడు ఆమె మొదటిసారి అతను రాసింది చూసింది. నాలుగు పలకల పక్కన ఎడమ అని ఉంది. నాలుగింటి పక్కన కుడి అని ఉంది. మిగతా నాలుగింటి పక్కనా చీకటి అని ఉంది.

"ఇదేంటయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఆ నాలుగింటికీ వెలుగు వేయలేదు సార్. గిన్నె మీద మూత పెట్టి, నల్లగుడ్డ కప్పి ఉంచాను," అన్నాడతను. అతని గొంతు మామూలుగానే ఉంది. "ఉత్తి చీకట్లో పెరిగినవి."

"చీకట్లో పెరిగిందానికి కూడా మెలిక పడిందా?"

"పడింది సార్, బోర్డు మీద ఉంది కదా."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పన్నెండో అంకె వైపు చూశాడు. అది చీకటి పలక. అన్నిటికంటే ఎక్కువ దిగింది అదే. ఆయనకు చెప్పాల్సిన పని లేదు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. "అయితే వెలుగు కాదు. గిన్నెల్లోనే ఏదో ఉంది," అన్నాడు. "గిన్నెలు ఎవరు కడిగారు?"

"నేనే సార్," అన్నాడు టార్చిలైటు వెంటనే. "సరిగ్గా కడగలేదేమో."

"కాదు సార్," అంది ఆమె. "నేను కడిగాను. నా బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో. దానికి సిస్టీన్ ఉంది. ఆయన అప్పుడు నిద్రపోతున్నారు, ఆయనకు తెలియదు."

 అతను నేల వైపు చూస్తున్నాడు.

పెద్దాయన అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండేది. ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"మాట్లాడుకోకూడదు కదా సార్."

"సాంపిల్స్ గురించి మాట్లాడొద్దన్నాను. గిన్నెలు కడిగి పెట్టానని మొగుడితో చెప్పొద్దని నేనెప్పుడన్నాను?"

 నిజమే, ఆయన ఏనాడూ అనలేదు. ఆ ముక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు.

"మళ్ళీ చెయ్యాలంటే నెల పడుతుంది. నా దగ్గర నెల లేదు," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతు కూడా అరిగిపోయి ఉంది. "ఉన్నది ఒక్క సీటు. అతని బ్యాచ్ పోయింది, నిజం. నువ్వు చేసింది కూడా చిన్న తప్పు కాదు. నేను తీర్పు చెప్తే ఇద్దర్నీ పంపించేయాలి. మీలో ఎవరుంటారో ఇంట్లో మాట్లాడుకుని సోమవారం చెప్పండి." కాస్త ఆగి, "మాట్లాడుకోండి," అని మళ్ళీ అన్నాడు.

బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, కుదుపులకి ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. అత్తగారు కింది వాటా ఆవిడతో కబుర్లలో ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. ఆమె టీ పెట్టింది. అతను వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు.

"నువ్వుండు," అన్నాడు. "సోమవారం నేను చెప్తాను."

"నేను పాడుచేస్తే నువ్వెందుకు పోవడం? నేను మానేస్తాను. మెషీన్ ఎవరికైనా నేర్పొచ్చు. నీ చేతి పని ఎవరికీ రాదు."

"నాకు ఓపిక లేదు." అతను ఆ మాట మామూలుగా, ఉప్పు లేదని చెప్పినట్టు చెప్పాడు. "నిజంగా లేదు. చాలా రోజుల్నుంచి లేదు. మళ్ళీ ఆ నల్లగుడ్డ కప్పుకుని ఆ వెలుగు కింద కూర్చోమంటే నావల్ల కాదు. పలకలు ఎడమా కుడీ విడిపోతే సరే, లేకపోతే వదిలేద్దాం అనుకునే చేశాను ఇది."

ఆమె టీ గ్లాసు అతని పక్కన పెట్టి, తనూ నేల మీద కూర్చుంది. "నన్ను క్షమించు. నేను గనక ఆ గిన్నెలు ముట్టుకోకపోతే..."

"నాకు తెలుసు," అన్నాడతను.

"ఏం తెలుసు?"

"నువ్వే కడిగావని. ఆ మర్నాడే తెలుసు. సింకులో వదిలేసిన గిన్నెలు అలమరలో ఉంటే వాచ్‌మన్ కడిగాడనుకుంటానా?"

ఆమె అతని వైపు చూసింది. అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "తెలిసీ వాడావా?"

"ఊఁ."

"మళ్ళీ ఆమ్లంతో కడగాలని తెలియదా నీకు?"

"తెలుసు. ఆమ్లం గది దాకా తీసుకెళ్ళాను కూడా. తోడు రమ్మని స్టోర్స్ అతన్ని పిలిచాను, వచ్చాడు." అతను గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నాడు. "అక్కర్లేదులే అని వెనక్కి వచ్చేశాను. కానీ అబద్ధం బయటికి పోకూడదు కదా, అందుకని నాలుగు చీకట్లో పెట్టాను. గిన్నెలు మంచివైతే వాటికి ఏ మెలికా పడదు. తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది."

"కడిగేస్తే సరిపోయేది కదా. ఒక్క గంట పని."

"సరిపోయేది."

"మరి?"

అతను గ్లాసు కింద పెట్టాడు. కింద అత్తగారి నవ్వు వినపడుతోంది.

"ఈ మూడేళ్ళలో నా పనిలో నువ్వు చెయ్యి పెట్టింది అదొక్కసారే," అన్నాడు. "అన్నీ తుడిచి, వరసగా సర్ది పెట్టావు. పొద్దున్నే అలమర తీసి చూస్తే... ఏమో, ఏడుపొచ్చింది. దాన్ని కడిగేయబుద్ధి కాలేదు."

ఆమెకు కోపం వచ్చింది. రావాల్సినంతా వచ్చింది. పిచ్చివాడా, మూడేళ్ళ పనిరా, నీ ఉద్యోగంరా, రెండు రోజులుగా నేను చచ్చి బతికానురా అని పట్టుకుని కుదిపేయాలనిపించింది. చెయ్యి ఎత్తి అతని భుజం మీద ఒక్కటి వేసింది కూడా. వేసిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోలేదు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా," అంది.

"నువ్వూ చెప్పొచ్చు కదా," అన్నాడతను.